నా వీణకు ట్యూనర్ వెతికిన కథ

వీణ క్లాసుల్లో చేరి ఆరు నెలలైనా శ్రుతి చేసుకోవడం నాకు రాలేదు. టీచర్ చేసి ఇస్తే వాయించడం, ఇంటికొచ్చాక తీగ బిగించే బిరడ జారితే బిక్కమొహం వేయడం. ఇలా కాదని, తీగ ఏ స్వరంలో పలుకుతోందో చూపించే ట్యూనర్ కొనడానికి వెళ్లాను. దుకాణాయన ముందు శ్రుతి బాక్స్ తెచ్చి పెట్టాడు. "అది తను మోగుతుంది గానీ నా తీగ వినదు కదండీ" అంటే, లోపలి నుంచి చిన్న క్లిప్ ట్యూనర్ తెచ్చాడు. "అన్నిటికీ పనిచేస్తుంది మేడమ్!"

నాది నాలుగు శ్రుతి, అంటే పాశ్చాత్య స్వరాల్లో ఎఫ్. ఇంటికొచ్చి సారణి, అంటే షడ్జం పలికే మొదటి తీగ మీటితే తెర మీద 'ఈ' అని పడింది, ముల్లు కుడివైపు చివరికి కొట్టుకుంది. తీరా చూస్తే అది గిటార్ ట్యూనర్. ఈ, ఏ, డి, జి, బి తప్ప దానికి వేరే స్వరం లేదు. దాని మాట విని తీగ దించితే నేను మూడు శ్రుతిలో తేలేదాన్ని. మార్చి ఇమ్మంటే ఆయన ఇవ్వలేదు.

రెండోసారి పెట్టె మీద 'క్రోమాటిక్' అని చూశాకే డబ్బులిచ్చాను. అది 12 స్వరస్థానాలనూ పట్టుకుంటుంది. మైకుతో పనిచేసేది వద్దనుకున్నాను, మా ఇంట్లో కుక్కర్ కూత కూడా దానికి స్వరమే. క్లిప్‌దైతే కర్ర అదురును పట్టుకుంటుంది. వీణ మెడలాంటి లావుపాటి దండికి క్లిప్ పట్టదు, బిరడకే పెట్టాలి. అదీ తిప్పే బిరడకు కాదు, పక్కదానికి. లేకపోతే తెర కూడా మనతో పాటు గిరగిరా తిరుగుతుంది.

అసలు టెన్షన్ పెట్టింది అన్నిటికన్నా కింది స్థాయిలో పలికే అనుమంద్రం తీగ. 'సి' రావాలి, సుమారు 65 హెర్ట్జ్. తెర మీద మాత్రం 'జి'! ఇదీ పాడైందేమో అనుకున్నాను. తీగ మోగినప్పుడు అసలు నాదంతో పాటు దానికి మూడు రెట్ల నాదమూ పలుకుతుందట, ఇది దాన్ని పట్టుకుంది. పన్నెండో మెట్టు పైన తీగను తాకీ తాకనట్టు వేలు పెట్టి మీటితే బుద్ధిగా 'సి' చూపించింది.

అన్నీ ఆకుపచ్చ లైటు వెలిగేలా చేసుకుని గర్వంగా క్లాసుకు వెళ్తే, టీచర్ సారణినీ, పక్కనే ఉన్న పంచమం తీగనూ కలిపి మీటి మొహం చిట్లించారు. "ముల్లును చూశావా, తీగను విన్నావా?" అన్నారు. వింటే నిజమే, రెండు సెకన్లకోసారి నాదం మెల్లగా ఊగుతోంది. ట్యూనర్ లెక్కలో షడ్జం నుంచి పంచమానికి 700 సెంట్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). 3:2 నిష్పత్తిలో పలికే అసలు పంచమం 702 దగ్గర ఉంటుంది. చెవికి ఆ రెండు సెంట్లూ తెలుస్తాయని అప్పటిదాకా నేను నమ్మలేదు.

ఇప్పుడు సారణి, కింది షడ్జం పలికే మంద్రం తీగ వరకే ట్యూనర్. తర్వాత దాన్ని తీసి పక్కన పెట్టి, ఆ ఊగు ఆగేదాకా పంచమం తీగను కొద్దికొద్దిగా సవరించే లంగరు కదుపుతాను. ఒక్కోరోజు పది నిమిషాలు పడుతుంది. తాళం వేయడానికి పక్కనుండే తాళం తీగలు ఇప్పటికీ టీచరే చేసి ఇస్తారు.