మన నాగాయలంక, మెస్సు లెక్కలు

మన 1978 పదో తరగతి గురించి ఈ సంచికకు రాయమంటే చాలామంది కబడ్డీ కప్పు సంగతే రాస్తారు. నేను మనతో హాస్టల్లో ఉన్న దివిసీమ పిల్లల గురించి రాస్తాను.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. విజయవాడలో ఉన్న మనకు అది పెద్ద గాలివానగానే తెలిసింది. పులిగడ్డ అవతల, దివిసీమలో, ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయన్న కబురు ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా అందింది. పోయినవారు 10,000కు పైనే అన్నారు. మన ‘నాగాయలంక’ (అది వాడి ఊరు; వాడి అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు) ఇంట్లో మిగిలింది అక్క ఒక్కతే. తుమ్మచెట్టును కరచుకుని రాత్రంతా వేలాడి బతికింది.

వాడు ఏడవలేదు. నెల మొదట్లో పోస్ట్‌మ్యాన్ మనియార్డర్లు తెస్తే మాత్రం అలవాటుగా వెళ్లి వరుసలో నిలబడేవాడు. నాన్న డబ్బు ఇక రాదని వాడికి తెలుసు. పోస్ట్‌మ్యానూ ఏమీ అనేవాడు కాదు. చివరిదాకా వెతికినట్టే వెతికి సంచి మూసేవాడు.

ఓదార్పుకు కొదవ లేదు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాల కోసం తిరిగిన రోజులవి. జనం బియ్యం, బట్టలు విరివిగా ఇచ్చారు. అది గొప్ప సంగతే. కానీ హాస్టలుకు వచ్చిన కొందరు పెద్దమనుషులు ఆ పిల్లలను వేదిక ఎక్కించి, “మీ ఇంట్లో ఎంతమంది పోయారు బాబూ?” అని అడగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లెక్కల మాస్టారు ఒక్క ఓదార్పు మాటా అనలేదు. మెస్సు ఖాతా పుస్తకం వాడి చేతిలో పెట్టి, “రేపటినుంచి సరుకులు నువ్వే తూయించుకోవాలిరా” అన్నారు. వారం తిరగకుండానే వాడు కందిపప్పు తూకం దగ్గర వంటాయనతో పోట్లాడాడు. ఉప్పెన తర్వాత వాడి గొంతు గట్టిగా వినడం అదే మొదలు. ఆ రాత్రే పక్క మంచం మీదున్న నన్ను లేపి, పోయిన చెల్లెలి కబుర్లు తెల్లవార్లూ చెప్పాడు.

సంక్రాంతి సెలవులకు కొందరం వాడి వెంట వెళ్లాం. చేలల్లో ఇసుక మేట, చెరువులో ఉప్పునీళ్లు. అక్కకు తాటాకు పాక వేశాం. మనం వేసిన పైకప్పు వంకర చూసి ఆవిడ నవ్వి, మొత్తం విప్పించి మళ్లీ కట్టించింది. ఆ వేసవిలో వాడు పరీక్షలు రాశాడు. లెక్కల్లో ఎన్ని వచ్చాయో చెప్పను, మనలో కొందరికి ఇప్పటికీ మంట.

ఈ సంచిక జమాఖర్చులు కూడా వాడే చూస్తున్నాడు. ప్రకటనల డబ్బు బాకీ ఉన్నవారు త్వరగా కట్టేయండి. వంటాయననే వదలనివాడు మిమ్మల్ని వదులుతాడా?