గోలు వెనక చోటు

రత్నాచల్ దువ్వాడ దాటగానే నాన్న చెప్పులు తొడుక్కుని సిద్ధంగా కూర్చున్నారు. "వాల్తేరు వచ్చేస్తోందమ్మా" అన్నారు. 1987లోనే స్టేషను పేరు విశాఖపట్నంగా మారింది. డీజిల్ షెడ్డులో 38 ఏళ్ళు పనిచేసిన మనిషికి మాత్రం అది ఇప్పటికీ వాల్తేరే. బెజవాడలో మా ఇంటికి వచ్చేశాక ఆయన విశాఖ రావడం ఇదే మొదటిసారి. వయసు 79, మోకాళ్ళ నొప్పులు. ముందు ఎక్కడికి వెళదామని అడిగితే, "అప్పన్న దర్శనం రేపు పొద్దున. ఇవాళ రైల్వే ఫుట్‌బాల్ గ్రౌండు" అన్నారు.

ఆటో దిగేసరికి ఎండ మాడుతోంది. మైదానంలో ఎవరూ లేరు. నాన్న నా చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా గోలు వెనక్కి నడిచి అక్కడ నిలబడ్డారు. అది మా చోటు.

నా చిన్నప్పుడు ఆట ఉన్న ఆదివారం సైకిలు ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకునేవారు. దారిలో ముంత మసాలా రెండు పొట్లాలు. అందరూ పక్క గీత వెంబడి కూర్చుంటే మేమిద్దరం గోలు వెనక. నాన్న ఒకప్పుడు షెడ్డు జట్టుకు కీపరు. అక్కడి నుంచి చూస్తే గోల్స్ ఎలా పడతాయో కాదు, ఎలా ఆగుతాయో తెలుస్తుందనేవారు. వలకు బంతి తగిలినప్పుడు రేగే దుమ్ము నా ముంత మసాలాలో పడేది. అయినా వేరే చోటికి వెళదామని నేనెప్పుడూ అడగలేదు.

"బంతినొక్కదాన్నే చూస్తే చాలదు, కొబ్బరాకుల్ని కూడా చూడు" అని నేర్పారు. మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి లేస్తుంది. పైకి లేచిన బంతిని అది పక్కకు తోస్తుంది. కొత్త ఊరి కీపర్లకు ఆ సంగతి తెలియదు. ఆకులు ఊగడం మొదలవగానే నేను నాన్న మోకాలు తట్టేదాన్ని. ఆయన తల ఊపేవారు.

ఆయన దేవుడు పీటర్ తంగరాజ్. 1962లో జకార్తాలో, రహీం శిక్షణలో మన జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినప్పుడు గోలు కాపాడింది ఆయనే. ఆ పేరు చెప్పేటప్పుడు నాన్న నడుము నిటారయ్యేది.

1986 జూన్ 29 రాత్రి పదకొండున్నరకు, మెక్సికోలో ప్రపంచ కప్ ఫైనలు. పక్క క్వార్టర్స్‌లో టీవీ, గది నిండా జనం, అందరి నోటా మారడోనాయే. అర్జెంటీనా తొలి గోలు బ్రౌన్ తలతో కొట్టింది. పశ్చిమ జర్మనీ కీపరు షుమాకర్ ముందుకు దూకినా బంతి అందలేదు. జర్మనీ పుంజుకుని 2–2 చేసింది. చివర్లో మారడోనా అందించిన బంతితో బురుచాగా దూసుకెళ్ళి గోలు కొట్టేసరికి గది దద్దరిల్లింది. నాన్న ఒక్కరే కూర్చుని తెర వైపు చూస్తూ, "ఈ రాత్రి అతనికి నిద్ర పట్టదు" అన్నారు. ఓడిన మనిషి గురించి ఆలోచించవచ్చని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు బడిలో అందరూ మారడోనా గురించి మాట్లాడుతుంటే నేను షుమాకర్ గురించే చెప్పాను.

సాయంత్రం ఆర్.కె. బీచికి వెళ్ళాం. కుర్సురా జలాంతర్గామిని నాన్న ఒకసారి చూసి తల తిప్పేశారు. ఇసుకలో పిల్లలు ఆడుతున్నారు, గోలుకు రెండు వైపులా చెప్పులు పెట్టుకుని. ఆయన వెళ్ళి ఆ చెప్పుల వెనక నిలబడ్డారు. నేను పక్కన.

కీపరుకు పదేళ్ళుంటాయేమో. పైనుంచి వచ్చిన బంతి గాలికి పక్కకు జరిగి అతని చేతులు తప్పించుకుని పోయింది. అవతలివాళ్ళు గంతులేశారు. అతను ఇసుకలో కూలబడ్డాడు.

"నీ తప్పు కాదు బాబూ, గాలి" అన్నారు నాన్న. "ఈసారి రోడ్డు వైపు ఒక్క అడుగు జరిగి నిలబడు."

అతను లేచి జరిగాడు. వెనక్కి తిరిగి, "తాతా, మీరు ఆడేవారా?" అని అడిగాడు.

"ఆడేవారు. షెడ్డు జట్టులో..." అని నేను మొదలుపెట్టాను.

"తర్వాత చెబుదువుగానిలే అమ్మా" అన్నారు నాన్న, కళ్ళు ఆట మీదే ఉంచి. "బంతి వస్తోంది."