ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోతతో మే నెలంతా నా అనుభవం

మాది గుంటూరు. పదో తరగతి పిల్లలకు లెక్కల పాఠాలు రికార్డు చేస్తాను, సాయంత్రం ఆన్‌లైన్‌లో క్లాసు చెప్తాను. నా గది మేడ మీద, పైన స్లాబే, మే నెలలో రాత్రి తొమ్మిదింటికి గోడ మీద చెయ్యి వేసినా వెచ్చగానే ఉంటుంది. ఈ ఎండల్లో నా నాలుగేళ్ల ల్యాప్‌టాప్ క్లాసు మొదలైన పది నిమిషాలకే హోరెత్తిపోయేది. "మేడమ్, ఏదో పెద్ద శబ్దం వస్తోంది, మీరు చెప్పేది వినపడట్లేదు" అని ఒక పాప అడిగింది. వర్గ సమీకరణాలు మొదలుపెట్టిన రోజు అది, చాలా బాధేసింది.

నాకు ముందు తోచింది ఫ్యాన్ వేగం తగ్గించడమే. ఒక సాఫ్ట్‌వేర్ వేశాను, అది అసలు ఫ్యాన్‌నే గుర్తుపట్టలేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఫ్యాన్‌ని విండోస్ తిప్పదట, మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అని విడిగా ఒక చిప్ ఉంటుంది, ఎంత వేడికి ఎంత వేగమో అదే చూసుకుంటుంది, బయటి సాఫ్ట్‌వేర్ మాట అది వినేది కొన్ని మోడళ్లలోనే. అప్పుడు విసుగొచ్చింది కానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఫ్యాన్ తగ్గకపోవడమే మంచిదైంది, తగ్గి ఉంటే ఆ వేడంతా లోపలే ఉండిపోయేది.

తర్వాత లోపలి వేడి ఎంతో చూపించే హెచ్‌డబ్ల్యుఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి చూశాను. నిజానికి మొదటి రోజే చెయ్యాల్సిన పని ఇది. క్లాసు మధ్యలో ప్రాసెసర్ 97 డిగ్రీలు, థర్మల్ థ్రాట్లింగ్ (వేడి వల్ల వేగం తగ్గడం) అన్న చోట "యెస్" అని ఉంది. నా ప్రాసెసర్‌కి హద్దు 100, ఆ దరిదాపులకు వెళ్లగానే కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. క్లాసులో స్క్రీన్ మీది బోర్డుపై నేను డిజిటల్ పెన్నుతో గీసిన గీత అర సెకను ఆలస్యంగా పడుతుంటే ఇన్నాళ్లూ పెన్ను పాడైందనుకున్నాను, కారణం ఇదన్నమాట.

ప్రాసెసర్‌కి అందే వోల్టేజీ తగ్గిస్తే, అంటే అండర్‌వోల్ట్ చేస్తే వేడి తగ్గుతుందని చదివి, అందుకు పనికొచ్చే థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను, నా మెషీన్‌లో వోల్టేజీ మార్చే వీలు లాక్ అయి ఉంది. 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లతో ఆ దారి మూసేశాయి. సరే, వదిలేశాను.

పనిచేసినవి రెండు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99కి మార్చాను. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, కానీ దాంతో టర్బో బూస్ట్, అంటే ప్రాసెసర్ అవసరమైనప్పుడు మామూలు కంటే ఎక్కువ వేగం అందుకోవడం, ఆగిపోతుంది, అసలు వేడంతా పుట్టేది అక్కడే (కొన్ని మెషీన్లలో ఈ ఆప్షన్ కనిపించదు). వీడియో ఎక్స్‌పోర్ట్ నెమ్మదించింది, ఆ పని ఉన్నప్పుడు మళ్లీ 100 పెట్టుకుంటాను. రెండోది, నేను రికార్డింగుకి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌కోడర్ (వీడియోని కుదించి ఫైలుగా మార్చేది) ప్రాసెసర్‌తో నడిచే ఎక్స్264 ఉంటే, గ్రాఫిక్స్‌తో నడిచే క్విక్‌సింక్‌కి మార్చాను. రికార్డింగ్ భారం ప్రాసెసర్ కోర్ల మీద నుంచి గ్రాఫిక్స్‌లోని వీడియో భాగం మీదకు పోయింది. రెండూ కలిపి 86కి దిగింది. మోత మాత్రం ఇంకా ఉంది.

కంపెనీ సర్వీసు సెంటర్‌లో విప్పి చూడకుండానే ఫ్యాన్ మార్చాలన్నారు. నాకు నమ్మకం కుదరక మా వీధి చివర చిన్న రిపేరు షాపుకి తీసుకెళ్లాను. ఆ అబ్బాయి ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేసి, ఫ్యాన్ విప్పి నాకు చూపించాడు. "ఫ్యాన్ బాగానే ఉంది మేడమ్, గాలి బయటికి పోయే దారే లేదు." ఫ్యాన్‌కీ, రాగి గొట్టం చివరుండే సన్నటి రేకులకీ మధ్య దుమ్ము దళసరిగా, కంబళి ముక్కలా పేరుకుపోయి ఉంది. నేను ప్రతి ఆదివారం బయటి నుంచి బ్రష్‌తో తుడుస్తూనే ఉన్నాను, కానీ ఆ దుమ్ము రేకులకి లోపలి వైపున పడుతుంది, విప్పితే తప్ప రాదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకున్నాడు, ఆ గాలికి మితిమీరి తిరిగితే బేరింగ్ పోతుందట. ప్రాసెసర్ వేడిని రాగి గొట్టానికి అందించే థర్మల్ పేస్ట్ ఎండి సున్నం పెచ్చులా రాలింది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది వేశాడు. నలభై నిమిషాల పని.

ఆ సాయంత్రం క్లాసులో 71 దాటలేదు. గంటన్నర చెప్పాను, ఫ్యాన్ తిరుగుతున్నట్టు నాకే తెలియలేదు.

ఇంకొకటి కూడా గమనించాను. ఫ్యాన్ లోపలికి లాగేది గదిలో గాలినే కాబట్టి, గది ఎంత చల్లబడితే ప్రాసెసర్ కూడా దాదాపు అంత చల్లబడుతుంది. సాయంత్రం గది 37 ఉంటే, తెల్లవారుజామున 29 ఉంటుంది, అదే పాఠం అప్పుడు రికార్డు చేస్తే 63, 64 దగ్గర ఆగింది. అందుకని ఇప్పుడు రికార్డింగులన్నీ ఐదింటికే. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టడం మానేశాను, వెనక వైపు కింద రెండు చెక్క ముక్కలు పెట్టి ఎత్తుతున్నాను. ఎప్పుడూ ఛార్జర్‌లోనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టాను, వేడిలో నిండుగా ఉంటే త్వరగా పాడవుతుంది. వచ్చే ఏడు ఎండలు ముదరకముందే, ఉగాది లోపు, మళ్లీ ఆ అబ్బాయి చేతే విప్పించి శుభ్రం చేయిస్తాను.