గీత వణికితే ఇంగ్లీషులో ఏమనాలి

ఈ దేశంలో ఉద్యోగంలో చేరిన మూడో వారం. కంప్యూటర్‌లో బిల్డింగ్‌ల త్రీడీ మోడల్ గీయడం నా పని. అందులో నేను గీసిన కిటికీ తెర మీద వణకడం మొదలుపెట్టింది. జూమ్ చేసినకొద్దీ ఫ్రేము గీతలు అటూ ఇటూ గెంతుతున్నాయి. మౌస్ ఆపితే ఎక్కడో ఒకచోట ఆగుతున్నాయి. తిన్నగా ఉండాల్సిన అంచు రంపపు పళ్లలా ఉంది.

హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాను. మనలో మనకైతే "వణుకుతోంది" అంటే సరిపోయేది. ఇంగ్లీషులో నాకు తట్టిన మాట ఫ్లికర్. అదే చెప్పాను. ఆ ఒక్క మాట రెండు రోజులు తినేసింది.

ఫ్లికర్ అనగానే వాళ్లు దానికి తగ్గ వైద్యం మొదలుపెట్టారు. గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చారు. ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి చిన్నదాని మీద నడుస్తుంది, అందుకని విండోస్ సెట్టింగ్స్‌లో పెద్దదానికి మార్చారు. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్, అంటే గీయడంలో గ్రాఫిక్స్ చిప్ సాయం, తీసేశారు. మోడల్ నత్తనడక పట్టింది గానీ వణుకు తగ్గలేదు. చివరికి స్క్రీన్‌షాట్ అడిగారు. మొదటే అడగాల్సింది. దోషం స్క్రీన్‌షాట్‌లోనూ కనిపిస్తే మానిటర్‌దీ కేబుల్‌దీ తప్పు కాదని దాదాపు తేలిపోతుంది. కనిపించింది.

ఇక నా టెన్షన్ చెప్పక్కర్లేదు. వీసా ఈ ఉద్యోగంతో ముడిపడి ఉంది, ప్రొబేషన్ ఇంకా అవలేదు. ఫైల్ నేనే పాడుచేశానని ఖాయం చేసుకున్నాను. పక్క సీట్లో సీనియర్‌ని అడగడానికి నామోషీ.

మూడో రోజు ఆవిడే వచ్చి వెనక నిలబడి చూసింది. "ఇది ఫ్లికర్ కాదు, జిటర్. మిణకడం కాదు, గెంతడం. ఆరిజిన్‌కి ఎంత దూరంలో గీశావు?" అంది.

ఆరిజిన్ అంటే కొలతలన్నీ మొదలయ్యే సున్నా బిందువు. సర్వేయర్ ఇచ్చిన ఫైల్ అసలు కోఆర్డినేట్లతో, అంటే స్థలం నిజంగా ఎక్కడుందో చెప్పే సంఖ్యలతో వచ్చింది. నేను దాని మీదే గీసుకుంటూ పోయాను. ఆరిజిన్ నుంచి 500 కిలోమీటర్లు, మిల్లీమీటర్లలో 50 కోట్లు. గ్రాఫిక్స్ కార్డ్ మామూలుగా బొమ్మని 32 బిట్ల సంఖ్యలతో గీస్తుంది. వాటిలో నమ్మదగ్గవి సుమారు 7 అంకెలే. 50 కోట్ల దగ్గర ఒక సంఖ్యకీ దాని పక్క సంఖ్యకీ మధ్య ఎడం 32 మిల్లీమీటర్లు, నడుమ ఇంకేమీ లేదు. నా కిటికీ అద్దం మందం 24. దాని రెండు ముఖాలూ ఒకే చోట పడాలి, లేదా 32 ఎడంగా పడాలి. కొలత పెట్టి చూస్తే మాత్రం 24 అనే వస్తోంది! లెక్క బాగానే ఉంది, చూపించడంలోనే తేడా.

బిల్డింగ్‌ని ఊరికే లాక్కొచ్చి ఆరిజిన్ దగ్గర పెట్టేస్తే కుదరదు, స్ట్రక్చరల్ ఇంజినీర్ల ఫైళ్లు అవే కోఆర్డినేట్ల మీద ఉన్నాయి. సర్వే ఫైల్ ముట్టుకోకుండా, కొత్త ఫైల్‌లో ఆరిజిన్ దగ్గర మోడల్ పెట్టి, ఎంత జరిపామో రాసుకుని, సర్వేని ఆ మేరకు లింక్ చేశాం. వణుకు పోయింది.

అసలు ఫ్లికర్ ఎలా ఉంటుందో నెల తర్వాత చూశాను. స్లాబ్ పైముఖం, టైల్స్ ముఖం ఒకే మట్టంలో పడ్డాయి. మోడల్ తిప్పుతుంటే ఏది ముందో తేల్చుకోలేక రెండూ చారలు చారలుగా మిణుకుతున్నాయి. టైల్స్‌ని వాటి మందం మేరకు పైకి లేపితే సరిపోయింది.

హెల్ప్‌డెస్క్‌కి మాత్రం కారణమంతా వివరంగా రాసి పంపాను. టికెట్ మూసేస్తూ వాళ్లు రాసింది: "ఫ్లికర్ సమస్య, డ్రైవర్ మార్చాం, పరిష్కారమైంది."