ఎస్‌ఎస్‌డీలకు మిర్రర్: మా ఆడిట్ ఆఫీసులో నా అనుభవం

నారాయణగూడలో మా బావగారికి ఆడిట్ ఆఫీసు ఉంది. క్లయింట్ల ట్యాలీ డేటా, స్కాన్ చేసిన బిల్లులు, రిటర్నుల కాపీలు అన్నీ ఒకే లైనక్స్ సర్వర్ మీద ఉంటాయి. నెలనెలా 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ రిటర్నులు వేయాలి. ఆ తేదీల ముందు డిస్క్ పోతే బ్యాకప్ నుంచి తెచ్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీలు (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డ్రైవులు) వేద్దామనుకున్నప్పుడు ఆయన ఒకటే షరతు పెట్టారు: డిస్క్ పోయినా పని ఆగకూడదు.

రెండు డిస్కుల మీద ఒకే డేటా రాయడం, అంటే మిర్రర్ లేదా రెయిడ్-1, పాత పద్ధతే. 1988లో బర్క్‌లీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌లోనే ఉంది. కాకపోతే అది తిరిగే డిస్కుల కాలం. మోటారో హెడ్డో అరిగి రెండూ ఒకే రోజు పోవడం అరుదు. ఎస్‌ఎస్‌డీ అరిగేది రాతల వల్ల. మిర్రర్‌లో ప్రతి రాతా రెండింటి మీదా పడుతుంది కాబట్టి ఒకే మోడల్ అయితే రెండూ కవల పిల్లల్లా కలిసే ముసలివవుతాయి.

అరుగుదల కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఫర్మ్‌వేర్, అంటే డ్రైవ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్. 2019 నవంబరులో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ, సర్వర్లలో వాడే తన ఎస్‌ఏఎస్ రకం ఎస్‌ఎస్‌డీలు కొన్నిటి గురించి హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ మార్చకపోతే 32,768 గంటలు నడిచాక డ్రైవ్ పోతుంది, డేటా కూడా తిరిగి రాదు. లెక్కేస్తే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకే పూట స్విచ్ వేసిన జంట ఇంచుమించు ఒకే పూట పోతుందన్నమాట. మా డ్రైవులు ఆ రకం కావు, అయినా ఇది చదివాక నాకు వేరే ఆలోచన రాలేదు. రెండూ వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు కంట్రోలర్లతో (డ్రైవ్‌ను నడిపే చిప్) ఉండాల్సిందే.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో షాపతను "ఒకటే మోడల్ తీసుకోండి సార్, స్పీడ్ సమానంగా ఉంటది" అన్నాడు. మిర్రర్‌లో రాత వేగం నెమ్మదైన డిస్క్‌దే, అది నిజం. కానీ మా ఆఫీసుది గిగాబిట్ నెట్‌వర్క్, సెకనుకు 110 ఎంబీ కన్నా పెద్దగా దాటదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ దాకా చదువుతుంది. ఆ తేడా మా వరకు రాదు. "అన్నా, నాకు రెండు కంపెనీలవే కావాలి" అన్నాను, ఇచ్చాడు.

మిర్రర్ పని తనే చూసుకునే హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు వద్దనుకున్నాను. ఫైల్ తుడిచేశాక ఆ చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ ఆదేశాన్ని చాలా కార్డులు కిందికి పంపవు. మిగిలినవి లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్‌తోనే మిర్రర్ చేసే ఎండీఅడ్మ్, జెడ్‌ఎఫ్‌ఎస్. ఎండీఅడ్మ్ ఏళ్ల తరబడి నమ్మకంగా నడుస్తున్నదే, అది నడిపే డ్రైవర్ లైనక్స్ మూలభాగమైన కర్నెల్‌లోనే ఉంటుంది. కానీ రెండు కాపీలు వేర్వేరుగా కనిపిస్తే ఏది సరైనదో దానికి తెలియదు. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే లెక్క) దాచుకుంటుంది. చదివినప్పుడు కుదరకపోతే రెండో కాపీ తెచ్చి, చెడిన దాన్ని తనే సరిచేస్తుంది. క్లయింటు లెక్కల్లో ఒక్క అంకె చడీచప్పుడు లేకుండా మారిపోయినా మాకు ప్రమాదమే. అందుకే జెడ్‌ఎఫ్‌ఎస్. కర్నెల్ బయట ఉండే మాడ్యూల్ అయినా ఉబుంటుతో పాటే వస్తుంది కాబట్టి పెద్ద ఇబ్బంది పడలేదు.

రెండు డిస్కులూ కలిపిన పూల్ తయారుచేసేటప్పుడు యాషిఫ్ట్ (ఒకసారి రాసే అతి చిన్న ముక్క సైజు) 12, అంటే 4 కేబీ అని నేనే ఇచ్చాను, తర్వాత మార్చలేం గనక. ట్రిమ్ దానంతటదే పంపే ఆటోట్రిమ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేశాను. పార్టిషన్లు డిస్క్ మొత్తానికి కాకుండా చివర కొంత ఖాళీ వదిలి చేశాను. 1 టీబీ అన్న డిస్కులన్నీ బైట్ల లెక్కలో ఒకేలా ఉండవు, రేపు మార్చే డిస్క్ కాస్త చిన్నదైతే పూల్ ఒప్పుకోదు. పూల్‌లో లైనక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు కాక సీరియల్ నంబరున్న ఐడీలు వాడి, అవే నంబర్లు డిస్కుల మీద స్టిక్కర్లుగా అంటించాను. చెడిన దానికి బదులు మంచిది పీకేస్తే అంతే సంగతులు.

ఆఫీసు మూశాక, టెస్ట్ ఫైళ్లు కాపీ అవుతుండగానే ఒక డిస్క్ కేబుల్ తీసి చూశాం. మెషీన్ నడుస్తుండగానే డిస్క్ తీసి పెట్టేందుకు బయోస్‌లో హాట్‌ప్లగ్ ముందే ఆన్ చేసి పెట్టాను. పూల్ 'డిగ్రేడెడ్' (ఒక డిస్క్ లేదు) అంది, కాపీ మాత్రం ఆగలేదు. మళ్లీ తగిలించి ఆన్‌లైన్ చేస్తే మధ్యలో మారిన డేటా వరకే రాసుకుంది. బావగారు పక్కనే నిలబడి చూశారు.

"ఇంక బ్యాకప్ అక్కర్లేదా మరి?" అన్నారు.

"కావాలి బావగారూ. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది" అని చెప్పాను. గంటగంటకీ స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో దాచే కాపీ) పెట్టాను. రోజూ సాయంత్రం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ అవుతుంది, దాన్ని ఆయన ఇంటికి తీసుకెళ్తారు. నెలకోసారి డేటా మొత్తం చదివి చెక్‌సమ్‌తో సరిచూసే స్క్రబ్ నడుస్తుంది, తేడా వస్తే నాకు మెయిల్ వస్తుంది. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ ఇంకా వేయించాలి. ఈదురుగాలుల సీజన్ మొదలయ్యేలోపు ఆ పని కూడా చేయిస్తాను.