ఆర్బిటల్: మ్యూట్ బటన్‌తో అల్లిన సంగీతం

బ్రిటిష్ ఎలక్ట్రానిక్ సంగీత జంట ఆర్బిటల్ రికార్డు మొదటిసారి పెట్టుకున్నవాళ్లలో చాలామంది రెండో నిమిషం దాటకుండానే ఆపేస్తారు. పల్లవి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు, అది రాదు. ఈ అన్నదమ్ముల సంగీతం ఎలా నడుస్తుందో తెలియాలంటే వాళ్లు వాడిన ఒక పెట్టె గురించి ముందు తెలుసుకోవాలి.

ఫిల్, పాల్ హార్ట్‌నోల్‌లది ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతం, సెవెనోక్స్ దగ్గర. 1980ల చివర్లో లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డును ఆనుకుని పొలాల్లో, గోదాముల్లో తెల్లవార్లూ రేవ్ పార్టీలు జరిగేవి. ఆ ఆర్బిటల్ రోడ్డు పేరే పెట్టుకున్నారు. తొలి ట్రాక్ 'చైమ్'ని ఇంట్లోనే, నాన్నగారి క్యాసెట్ డెక్ మీద రికార్డు చేశారు. 1989 చివర్లో ఓ చిన్న లేబుల్ మీద వచ్చి, 1990లో ఎఫ్ఎఫ్ఆర్ఆర్ అనే లేబుల్ మళ్లీ విడుదల చేశాక బ్రిటిష్ చార్టులో 17వ స్థానానికి చేరింది. 'టాప్ ఆఫ్ ది పాప్స్' టీవీ కార్యక్రమానికి పోల్ ట్యాక్స్‌ని (అప్పటి తలపన్నుని) వ్యతిరేకించే టీషర్టులు వేసుకుని వెళ్లారు.

ఇక ఆ పెట్టె: అలెసిస్ ఎంఎంటి-8. ఇది సీక్వెన్సర్, దీనికి సొంత శబ్దం లేదు. ఏ సింథసైజర్ ఏ నోటు ఎప్పుడు వాయించాలో మిడి కేబుల్ ద్వారా ఆదేశాలు పంపుతుంది. 8 ట్రాకులు, ఒక్కో ట్రాకుకి ఒక బటన్. నొక్కితే ఆ ట్రాక్ మూగబోతుంది, మళ్లీ నొక్కితే పలుకుతుంది. తొలి ఏళ్ల ప్రదర్శనలకు ఇదే ఆధారం. లూపులు (పదేపదే మోగే చిన్న ముక్కలు) తిరుగుతూనే ఉంటాయి, ఏది ఎప్పుడు వినిపించాలో వేదిక మీద అప్పటికప్పుడు వేళ్లే నిర్ణయిస్తాయి. అందుకే ఒకే ట్రాక్ ఒక రాత్రి ఆరు నిమిషాలు, ఇంకో రాత్రి పన్నెండు నిమిషాలు నడవగలదు.

ఇక్కడో కీలకమైన తేడా ఉంది. సీక్వెన్సర్‌లో మ్యూట్ చేస్తే కొత్త నోట్లు మాత్రమే ఆగుతాయి, అప్పటికే మోగిన నోటు తాలూకు రివర్బ్ (మార్మోగు), డిలే (ప్రతిధ్వని) తోక మెల్లగా కరిగిపోతుంది. అదే మిక్సర్ చానల్‌ని మ్యూట్ చేస్తే ఆ శబ్దం కత్తిరించినట్టు ఆగుతుంది. మెత్తటి నిష్క్రమణ కావాలంటే మొదటిది, కుదుపు కావాలంటే రెండోది. మిడి మ్యూట్‌తో ఒక ప్రమాదం ఉంది. నోటు సాగుతున్న మధ్యలో నొక్కితే కొన్ని పాత యంత్రాల్లో 'నోట్ ఆఫ్' ఆదేశం సింథ్‌కి చేరదు, ఆ నోటు అలా మోగుతూనే ఉండిపోతుంది. పొడుగు నోట్లున్న ట్రాక్‌ని బార్ (నాలుగు దరువుల చుట్టు) చివర, నోటు అయిపోయాకే మూయాలి.

ఇంట్లో ప్రయత్నించేవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా 125 బీపీఎం (నిమిషానికి 125 దరువులు) పెట్టుకుని 8 ట్రాకుల్లో నాలుగేసి బార్ల లూపులు వేసుకోండి. ఈ వేగంలో నాలుగు బార్లు 7.68 సెకన్లు. మార్పులు 4 లేదా 8 బార్ల హద్దు మీదే చేయండి. ఒకసారికి ఒక్క ట్రాకే తెరవండి. కిక్‌ని (బేస్ డ్రమ్ దెబ్బని) నాలుగు బార్లు తీసేసి, తిరిగి తెచ్చేటప్పుడు దానితోపాటు ఒక కొత్త శబ్దాన్ని తెస్తే ఊపు రెట్టింపవుతుంది. ఎక్కువగా దెబ్బతినేది ఎక్కడంటే, రెండో నిమిషానికే ఎనిమిదీ తెరిచేయడం. ఆ తర్వాత చేయడానికి ఏమీ మిగలదు.

1993లో వచ్చిన రెండో ఆల్బమ్‌ని అందరూ బ్రౌన్ ఆల్బమ్ అంటారు. మొదటి ట్రాక్ 'టైమ్ బికమ్స్'లో 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' సీరియల్‌లోని మాట ఒకటి తిరుగుతుంటుంది. 1991 నాటి తొలి ఆల్బమ్, గ్రీన్ ఆల్బమ్ కూడా అదే మాటతో మొదలవుతుంది కాబట్టి కొన్నవాళ్లు తప్పు డిస్కు ఇచ్చారేమో అనుకోవాలని చేసిన చిలిపి పని ఇది. అయితే ఈసారి ఎడమ, కుడి చెవుల్లో ఆ మాట కొద్దిపాటి వేగం తేడాతో తిరుగుతుంది. ఈ పద్ధతిని అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1965లోనే టేపులతో చేశాడు. మీరూ చేయొచ్చు: ఎడమ వైపు సరిగ్గా 2 సెకన్ల లూప్, కుడి వైపు 2.02 సెకన్లది. చుట్టుకి 20 మిల్లీసెకన్ల ఎడం పెరుగుతుంది. మొదట ఒకే గొంతు ఎడమకి జరిగినట్టు ఉంటుంది, ఎడం 40 మిల్లీసెకన్లు దాటేసరికి ప్రతిధ్వనిగా విడిపోతుంది, 202 సెకన్లకు రెండూ మళ్లీ కలుస్తాయి. లూప్ అతుకు దగ్గర 'టిక్' అని వినిపిస్తే రెండు కొసల్లోనూ 5 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి. దీన్ని ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. రెండు చానళ్లూ ఒకటైపోయి గొంతు డొల్లగా వినిపిస్తుంది. ఆల్బమ్‌లో చాలా ట్రాకులు ఒకదాంట్లోకి ఒకటి పారతాయి కాబట్టి యాప్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీద తర్వాతి పాట మొదలు కలిపేది) రెండూ ఆపేయాలి.

అదే ఆల్బమ్‌లోని 'హాల్సియన్ + ఆన్ + ఆన్' నా లెక్కలో వాళ్ల శిఖరం. హాల్సియన్ ఒక నిద్రమాత్ర పేరు. దానికి ఏళ్ల తరబడి బానిసైన తమ తల్లికి ఈ ట్రాక్‌ని అంకితమిచ్చారు. అందులోని గొంతు కర్‌స్టీ హాక్‌షాది, ఓపస్ త్రీ బృందం పాట నుంచి తీసి వెనక్కి తిప్పారు. ఏ గొంతునైనా తిప్పి చూడండి: అక్షరం మొదట్లో ఉండాల్సిన దెబ్బ చివరికి పోతుంది, చివర్లో సన్నగిల్లాల్సిన ఊపిరి మొదటికొచ్చి ఉబుకుతుంది. మాట చెదిరిపోయి లాలింపు ఒక్కటే మిగులుతుంది. మత్తులో మునిగిన మనసుని ఒక్క మాటైనా చెప్పకుండా ఇంత ప్రేమగా చూపిన సంగీతం నాకు ఇంకెక్కడా వినపడలేదు. వేదిక మీద ఇందులోకే బాన్ జోవి, బెలిండా కార్లైల్ పాటల ముక్కలు కలిపేవారు, జనం కేరింతలు కొట్టేవారు.

1994 జూన్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో వాళ్ల ప్రదర్శన టీవీలోనూ వచ్చింది. ఎలక్ట్రానిక్ సంగీతం పెద్ద వేదికని నిలబెట్టగలదా అన్న సందేహం ఆ రాత్రితో తీరిపోయింది. కళ్లజోడుకి రెండు వైపులా బుల్లి టార్చిలు వాళ్ల గుర్తుగా మిగిలిపోయాయి. అవి అలంకారానికి పెట్టుకున్నవి కావు, చీకట్లో ఆ బటన్లు కనపడాలిగా.

అదే ఏడాది 'స్నివిలైజేషన్' వచ్చింది, గాయని ఆలిసన్ గోల్డ్‌ఫ్రాప్ అందులో పాడింది. 'పునరావృతమయ్యే దరువుల' మీద ఆంక్షలు పెట్టే క్రిమినల్ జస్టిస్ బిల్లు అప్పుడు పార్లమెంటులో ఉంది. దానికి జవాబుగా 'ఆర్ వి హియర్?' సింగిల్‌లో ఆ బిల్లు పేరుతో ఒక మిక్స్ పెట్టారు. అందులో ఉన్నదంతా నిశ్శబ్దమే, అన్ని ట్రాకులూ మూసేసినట్టు.

1996 నాటి 'ఇన్ సైడ్స్' ఇంకా నిదానమైనది. మొదటి ట్రాక్‌ని గ్రీన్‌పీస్ వారి సౌర విద్యుత్ జనరేటర్‌తో రికార్డు చేశారు. 'ద బాక్స్' వీడియోలో నటి టిల్డా స్వింటన్ చాలా మెల్లగా కదులుతుంటే, తక్కువ ఫ్రేములతో తీశారు. ఆమె మామూలుగా నడుస్తున్నట్టు, ఊరంతా పరుగెడుతున్నట్టు కనిపిస్తుంది. 1997లో 'సేటన్', 'ద సెయింట్' రెండూ చార్టులో 3వ స్థానానికి వెళ్లాయి, కానీ వాళ్ల అసలు బలం అవి కావు.

2004లో విడిపోయారు, 2009లో కలిశారు. 2012లో 'వాంకీ' తెచ్చారు, లండన్ పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో వాయించారు. 2014లో మళ్లీ విడిపోయి, 2017లో తిరిగొచ్చి 'మాన్‌స్టర్స్ ఎగ్జిస్ట్' (2018), 'ఆప్టికల్ డెల్యూజన్' (2023) ఇచ్చారు. కొత్తగా వినేవాళ్లు ఇటునుంచి మొదలుపెట్టొద్దు. ముందు బ్రౌన్ ఆల్బమ్ హెడ్‌ఫోన్లలో మొదటి నుంచి చివరిదాకా, తర్వాత 'ఇన్ సైడ్స్', ఆ పైన గ్లాస్టన్‌బరీ రికార్డింగ్. ఈ వరసలో వింటే మూడోదానికొచ్చేసరికి ఏ బటన్ ఎప్పుడు నొక్కారో మీ చెవికే తెలిసిపోతుంది.