మాట ఆగని వేగం

ఉద్యోగరీత్యా బరంపురంలో స్థిరపడిన మా ఇంట్లో పిల్లలిద్దరికీ తెలుగు అర్థమవుతుంది కాని, జవాబు మాత్రం ఒడియాలో వస్తుంది. బడి, ఆట, స్నేహం అన్నీ ఒడియాలో సాగే పిల్లలకు అది సహజమే. ఊరి భాష వారికి అంతగా అబ్బినందుకు నాకు సంతోషం కూడా. అయితే రాజమండ్రిలోని అమ్మమ్మతో ఫోనులో కుశల ప్రశ్నలు దాటి మాట్లాడలేకపోతున్నారన్న బాధ ఉండేది. ఆ లోటు కొంతైనా తీరింది మా అమ్మాయి, నేను కలిసి రోడ్డు సైకిలు తొక్కడం మొదలుపెట్టాకే.

దమ్ము పెరగాలంటే ముందు నెమ్మదిగా తొక్కడం నేర్చుకోవాలి. పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగినంత వేగమే కొత్తవారికి తగిన వేగం. ఆయాసంతో వాక్యం మధ్యలో తెగితే గేరు తగ్గించాలి. ఆ తేలికైన శ్రమలోనే గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపడానికి, కండరాలు కొవ్వును ఇంధనంగా వాడుకోవడానికి అలవాటు పడతాయి. ఎలాగూ మాట్లాడక తప్పని ఆ సమయాన్ని మేము తెలుగుకు కేటాయించుకున్నాం. గోపాల్‌పూర్ తీరానికి సుమారు 16 కిలోమీటర్లు. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నచోట పక్కపక్కన, మిగతా చోట్ల ఒకరి వెనుక ఒకరం మౌనంగా వెళ్తాం. బడి కబుర్లు చెబుతూ తెలుగు మాట దొరకనప్పుడు ఆమె ఒడియా మాట వేసి ముందుకు సాగుతుంది. నేను ఆపి దిద్దను. ఆమె ఆగింది ఊపిరి అందకనా, మాట అందకనా అని గమనించడం మాత్రం నాకు అలవాటైంది.

వారానికి దూరం పది శాతానికి మించి పెంచం, నాలుగో వారం తగ్గిస్తాం. ఎదిగే పిల్ల కాబట్టి సీటు ఎత్తు తరచూ సరిచూడాలి, లేకపోతే మోకాళ్లపై భారం పడుతుంది. తీరప్రాంతపు ఉక్కలో దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా నీళ్లు తాగాలి. గంట దాటితే బెల్లం అటుకులో, అరటిపండో కడుపులో పడాలి.

లక్ష్యం దగ్గర మాత్రం మా దారులు వేరయ్యాయి. సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, సరిహద్దు దాటగానే తెలుగు బోర్డులు కనిపించే ఇచ్ఛాపురం వెళ్లాలని నాకు ఆశ. చిలికా సరస్సు ఒడ్డునున్న రంభకు వెళ్లాలని ఆమె పట్టుదల. ఆమె పుట్టి పెరిగిన నేల ఇది, ఆమె మనసు చిలికా వైపు లాగడంలో నాకు నొచ్చుకోవలసినదేమీ కనిపించలేదు. పైగా తొక్కేవారు తామై కోరుకున్న గమ్యమే కష్టమైన కిలోమీటర్లలో కాళ్లను నడిపిస్తుంది. రంభ దాదాపు 50 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం వెళ్లి వచ్చినా అంతే. అందుకే ఇచ్ఛాపురం రంభకు సాధనగా మారింది, ఆ ఏర్పాటుకు ఆమే ఒప్పుకుంది.

ముందు ఛత్రపురం, తరువాత రుషికుల్య వంతెన దాటి గంజాం, ఆపైన రంభ: ఇలా విడతలుగా అనుకున్నాం. ఎంత సేపట్లో చేరాలన్న లెక్క పెట్టుకోలేదు. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి, అంటే రంభ వైపు నుంచే ఎదురు వీస్తుంది. తిరుగు ప్రయాణానికి వాళ్ల నాన్న మా అబ్బాయిని వెంటబెట్టుకుని కారు తెస్తారు. గాలి మరీ ఎక్కువై మాట సాగకపోతే ఛత్రపురంలోనే ఆగిపోదామని ఇద్దరం ముందే అనుకున్నాం.